సైడు కాలవ పని మంజూరవ్వాలంటే ఎవరిని, ఎలా అడగాలి?

కాలవగట్టు (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక నగరం. ఊరి పేరు, డివిజన్ నంబరు కావాలనే రాయడం లేదు. మాట మనుషుల మీదకి వెళ్ళిందంటే పని ఆగిపోతుందని నా భయం.

మా కాలనీలో ఏడు లైన్లు. ఏడు లైన్ల మురుగూ మెయిన్ రోడ్డు పక్కనున్న సైడు కాలవలోకి వచ్చి, రోడ్డు కింద తూము దాటి అవతలి పెద్ద కాలవలో కలవాలి. గంటసేపు గట్టిగా వాన పడితే చాలు, నాలుగో లైనులో, ఐదో లైనులో మోకాలి లోతు నీళ్ళు. మాది నాలుగో లైను. మా అమ్మకి 74 ఏళ్ళు. పోయిన వానాకాలంలో మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, అమ్మని పైన కూర్చోబెట్టి తెల్లవార్లూ మేలుకునే ఉన్నాం.

యాప్‌లో నాలుగుసార్లు ఫిర్యాదు పెట్టాను. నాలుగుసార్లూ పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. మూడోసారి జతచేసిన ఫొటో అసలు మా వీధిదే కాదు. ఎండాకాలంలో ఒకసారి పూడిక తీశారు గానీ, తీసిన మట్టిని అక్కడే గట్టున వదిలేశారు. మొదటి వానకే సగం మళ్ళీ లోపలికి జారిపోయింది.

పోయిన వారం వార్డు సభ ఉందని కిరాణా కొట్టులో చూచాయగా విన్నాను. నేను వెళ్ళేసరికి అయిపోయింది. రిజిస్టర్లో మా కాలనీ వాళ్ళ సంతకాలు మూడే ఉన్నాయి. ఈ పని కౌన్సిల్ అజెండాలోకి ఎక్కాలంటే దారి ఏమిటి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

రిటైర్డ్ ఏఈ (ఆదివారం రాత్రి)

అమ్మగారి సంగతి చదివి బాధేసింది. నేను 31 ఏళ్ళు మునిసిపల్ ఇంజనీరింగ్‌లో చేశాను. మీరు అడిగినదానికి జవాబు చెప్పేముందు నాదో ప్రశ్న. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో మీకు తెలుసు. ఎందుకు ఆగుతున్నాయో తెలుసా?

కాలవ పొంగడానికి నాలుగు కారణాలు ఉంటాయి. పూడిక ఒకటి. వాలు లేకపోవడం రెండోది. తూము చిన్నదవడం మూడోది. అవతలి కాలవ నిండి నీళ్ళు ఎదురు తన్నడం నాలుగోది. మొదటిది ఒక్కరోజు పని. రెండూ మూడూ అయితే ఎస్టిమేటు వేసి మంజూరు చెయ్యాలి. నాలుగోదైతే ఇంకో శాఖని కూడా కూర్చోబెట్టాలి. మీరు "డ్రైనేజీ సమస్య" అని రాసిస్తే ఆఫీసులో అందరికీ తోచేది మొదటిదే. మనుషుల్ని పంపుతారు, పూడిక తీస్తారు, ఫైలు మూసేస్తారు. మీకు జరిగింది ఇదే అని నా అనుమానం.

ఇక అజెండా మాట. ప్రతి పనీ కౌన్సిల్‌దాకా వెళ్ళక్కర్లేదు. ఎస్టిమేటు విలువని బట్టి కమిషనర్ స్థాయిలో మంజూరయ్యేవి ఉంటాయి, స్టాండింగ్ కమిటీకి వెళ్ళేవి ఉంటాయి, కౌన్సిల్‌కి వెళ్ళేవి ఉంటాయి. కాబట్టి ముందు ఎస్టిమేటు కావాలి. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, సైటుకి వచ్చి కొలతలు తీసుకోందే ఎస్టిమేటు పుట్టదు.

కాగితం (సోమవారం ఉదయం)

ఏఈ గారు చెప్పింది పని దారి. నేను హక్కు గురించి రాస్తాను, ఎందుకంటే సభకి ఎవరో దయతలచి పిలుస్తున్నారని చాలామంది అనుకుంటున్నారు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 243ఎస్ అధికరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ప్రతి మునిసిపాలిటీలోనూ వార్డు కమిటీలు ఉండాలి. ఒక వార్డుకి ఒకటి కావచ్చు, కొన్ని వార్డులకి కలిపి ఒకటి కావచ్చు. ఎవరు ఉండాలి, ఎలా ఎంచుకోవాలి అన్నది రాష్ట్ర చట్టానికి వదిలేశారు. అసలు లోపం అక్కడే ఉంది. రాజ్యాంగం పేరు పెట్టింది గానీ పని చెప్పలేదు. నిధుల మీద మాట చెల్లే కమిటీ ఒక రాష్ట్రంలో ఉంటే, టీ తాగి సంతకం పెట్టే కమిటీ ఇంకో రాష్ట్రంలో ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. మీకు కావలసిన మనిషి అక్కడే ఉన్నారు. రోడ్లు, కాలవలు, నీళ్ళు చూసేది ఎమెనిటీస్ సెక్రటరీ. పూడిక, చెత్త చూసేది శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ. కాలవ మీద కట్టడాలుంటే ప్లానింగ్ సెక్రటరీ. ఒకే అర్జీలో ముగ్గురి పనీ కలిపి రాస్తే ముగ్గురూ పక్కవాళ్ళది అనుకుంటారు. మూడు అర్జీలు విడివిడిగా ఇవ్వండి. ఒక్కోదానికీ రసీదు తీసుకోండి.

బెజవాడ పాత కాపు (సోమవారం మధ్యాహ్నం)

ఏఈ గారు చెప్పిన నాలుగో కారణాన్ని తేలిగ్గా తీసుకోకండి. మేం దాన్ని ఒంటితో అనుభవించాం. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు బుడమేరు వాగు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. ఆ నీళ్ళు మా వీధిలో కురిసిన వానవి కావు. ఎగువన బుడమేరు డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి. అటు కృష్ణలోనూ వరద పెరుగుతూ, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. డైవర్షన్ కాలవ నీళ్ళు కలవాల్సింది ఆ కృష్ణలోనే. నది అంత ఎత్తున ఉంటే నీళ్ళు ఎక్కడికి పోతాయి? మూడు గండ్లూ పూడ్చేసరికి సెప్టెంబర్ 7 అయింది.

మా వీధి సైడు కాలవ అద్దంలా శుభ్రంగా ఉన్నా ఆ రోజు మేం మునిగేవాళ్ళమే. కానీ నీళ్ళు తీశాక చూస్తే, కాలవలు బాగున్న వీధులు ముందు తేరుకున్నాయి, పూడిపోయిన వీధుల్లో బురద రోజుల తరబడి కదల్లేదు. అందుకని రెండూ కావాలి.

ఇంకో సంగతి. సైడు కాలవ మునిసిపాలిటీది, పెద్ద కాలవ జలవనరుల శాఖది. ఆ రెండూ కలిసే చోటు ఎవరిదీ కాకుండా పోతుంది. మీ తూము అవతలి నోరు ఎవరి లెక్కలో ఉందో ముందే తెలుసుకోండి. నీళ్ళు వెనక్కి తన్నకుండా ఆ నోటికి షట్టరు పెట్టొచ్చు. కానీ పెద్ద కాలవ గట్టు మీద చెయ్యి వెయ్యాలంటే ఆ శాఖ ఒప్పుకోవాలి.

ఆర్పీ అక్క (సోమవారం రాత్రి)

నేను పొదుపు సంఘాల ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ని. మీ సభలో మూడే సంతకాలు ఉన్నాయంటే నాకేం ఆశ్చర్యం లేదు తమ్ముడూ. సభ ఎన్ని గంటలకి పెట్టారు? పొద్దున పదకొండింటికా? ఆ టైములో ఇంటిపనులకి వెళ్ళే ఆడవాళ్ళు నాలుగో ఇంట్లో అంట్లు తోముతుంటారు. మేస్త్రీ పనివాళ్ళు సైటు మీద ఉంటారు. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చే ఇళ్ళు వాళ్ళవే. సభలో మాత్రం రిటైరైనవాళ్ళు, షాపులవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళు పార్కు అడుగుతారు, వీధి లైట్లు అడుగుతారు. అవీ కావాల్సినవే, కాదనను.

మా దగ్గర ఒకసారి సాయంత్రం ఏడింటికి పెట్టమని రాసిచ్చాం. ఒప్పుకున్నారు. ఆ రోజు 60 మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు. అంతమంది వచ్చి కూర్చుంటే మాట బరువే వేరు. సంఘం మీటింగు జరిగే రోజునే, అదే చోట వార్డు సభ పెట్టించండి. వేరే పిలుపు అక్కర్లేదు.

గమేళా (సోమవారం రాత్రి)

నేను పారిశుధ్య కార్మికుణ్ణి. మా అమ్మాయి టైపు చేస్తోంది. తీసిన మట్టి గట్టున వదిలేశారని కాలవగట్టు గారు రాశారు. దాని గురించి చెప్పాలి.

కాలవలోంచి తీసిన మట్టి పచ్చిగా ఉంటుంది. వెంటనే ట్రాక్టర్లో వేస్తే దారి పొడవునా కారుతుంది, అందరూ తిడతారు. అందుకని ఒకటి రెండు రోజులు గట్టున ఆరబెడతారు. ఆరాక ఎత్తాలి. ఎత్తడానికి మళ్ళీ బండి రావాలి, మనుషులు రావాలి. ఆ రెండో పనే తప్పిపోతుంది, ఎందుకంటే మేస్త్రీ మమ్మల్ని మర్నాడు ఇంకో వీధికి వేస్తాడు. మీరు ఫిర్యాదు రాసేటప్పుడు పూడిక తియ్యమని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. "తీసిన మట్టిని ఫలానా తేదీలోపు ఎత్తాలి" అని కూడా రాయండి. అది కాగితం మీద ఉంటే మేం కూడా బండి పంపమని గట్టిగా అడగ్గలం.

ఇంకొకటి. మీ కాలవలో ఏం ఉంటుందో మాకు తెలుసు. కొబ్బరి బోండాలు, పిల్లల డైపర్లు, పగిలిన సీసాలు, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక. సీసా ముక్క కాలిలో దిగితే నాలుగు రోజులు కూలి పోతుంది. మరో మాట, ఇళ్ళ ముందు ర్యాంపులు. పైన సిమెంటు పోసి బిగించేసిన చోట మేం పార పెట్టలేం. ఇవతల తీస్తాం, అవతల తీస్తాం, మధ్యలో అలాగే ఉండిపోతుంది. నీళ్ళు ఆగేది అక్కడే.

కాలవగట్టు (గురువారం రాత్రి)

అందరికీ చేతులెత్తి నమస్కారం. ముఖ్యంగా గమేళా గారికి. ఇన్నాళ్ళూ మట్టి వదిలేసింది కార్మికుల బద్ధకం వల్లే అనుకున్నాను. తప్పుగా అనుకున్నాను, క్షమించండి.

నిన్నా ఇవాళా నేనూ, మా లైనులో ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలూ కాలవ పొడుగునా నడిచాం. మెయిన్ రోడ్డు పక్కన కాలవ మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. పూడిక కొన్నిచోట్ల అడుగున్నర దాకా ఉంది. రోడ్డు కింద ఉన్నది రెండడుగుల హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం), ఒక్కటే. ఆ పైపు నోటికి అడ్డంగా ఒక మంచినీళ్ళ గొట్టం, రెండు కేబుళ్ళు పోతున్నాయి. వాటికి చెత్త చుట్టుకుని ఉంది.

ర్యాంపులు లెక్కపెట్టాం. మొత్తం 61. అందులో తీసి పెట్టుకోగల పలకలున్నవి 23. మిగతా 38 సిమెంటుతో బిగించేసినవే. ఆ 38లో మా ఇంటిది కూడా ఒకటి. బండి ఎక్కడానికని నాన్న ఉన్నప్పుడు పోయించింది.

రిటైర్డ్ ఏఈ (గురువారం రాత్రి)

మీరు రాసిన కొలతల్లోనే జవాబు ఉంది. మూడడుగుల కాలవ నిండుగా పారితే తొమ్మిది చదరపు అడుగుల దారి. రెండడుగుల పైపు నోరు మూడు చదరపు అడుగుల పైచిలుకు. అంటే మూడో వంతు నోట్లోంచి మొత్తం నీళ్ళు పోవాలి. ఆ మూడో వంతులోనూ గొట్టం, కేబుళ్ళు, చెత్త. ఎన్నిసార్లు పూడిక తీసినా మీ నాలుగో లైను మునుగుతూనే ఉంటుంది. అక్కడ కావలసింది బాక్స్ కల్వర్టు, అంటే పెట్టెలా కట్టే వెడల్పాటి కాంక్రీటు తూము. అర్జీలో ఆ మాటే రాయండి, ఈ అంకెలే రాయండి.

వాలు కూడా చూసుకోండి. లెవెల్ మిషను అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర ట్యూబ్ లెవెల్ ఉంటుంది, నీళ్ళు పోసిన సన్నని తెల్ల గొట్టం. దాంతో పది పదిహేను మీటర్లకొకసారి కాలవ అడుగు మట్టం పట్టుకుంటూ రండి. మా రోజుల్లో వంద మీటర్లకి కనీసం 20 సెంటీమీటర్ల వాలు చూసుకునేవాళ్ళం. ఎక్కడైనా అడుగు పైకి లేచి ఉంటే అక్కడ గుర్తు పెట్టండి.

మూడో లైను మేడ (శుక్రవారం ఉదయం)

నేను ఇదే కాలనీలో ఉంటాను. కాలవగట్టు గారు ఎవరో నాకు అర్థమైంది, చెప్పను. ర్యాంపులు కొట్టేస్తామంటే నేను ఒప్పుకోను. మాది మూడో లైను, మాకు నీళ్ళు రావు. మా ఇంట్లో వీల్‌చెయిర్ వాడే మనిషి ఉన్నారు. ర్యాంపు తీసేస్తే ఆమె గడప దాటలేదు. మీ ఇళ్ళు మునగకూడదని మా ఇంటి దారి మూసేస్తారా?

కాగితం (శుక్రవారం ఉదయం)

చట్టం ప్రకారం అనుమతి లేకుండా కాలవ మీద కట్టింది తీయించొచ్చు. కానీ ఈ ఇంటి విషయం చట్టంతో మొదలుపెట్టాల్సింది కాదు. మూడో లైను మేడ గారూ, మీరు అడిగింది న్యాయమే. ర్యాంపు ఉండకూడదని ఎవరూ అనడం లేదు. దాని కిందికి మనిషి చెయ్యి వెళ్ళాలి, అంతే.

గమేళా (శుక్రవారం రాత్రి)

అమ్మా, ర్యాంపు మొత్తం కొట్టక్కర్లేదు. మధ్యలో రెండడుగుల మేర కోసి ఇనుప జాలీ పెట్టించండి. మనిషి పైకెత్తగలిగే బరువుండాలి. జాలీ సందులు దగ్గర దగ్గరగా ఉంటే వీల్‌చెయిర్ చక్రం దిగదు. కడ్డీలు చక్రం నడిచే దారికి అడ్డంగా ఉండాలి, నిలువుగా పెడితే చక్రం ఇరుక్కుంటుంది. నేను చాలా ఇళ్ళ ముందు చూశాను. మాకు ఆ రెండడుగుల సందు చాలు, అటూ ఇటూ పార పోతుంది.

మూడో లైను మేడ (శుక్రవారం రాత్రి)

ఇలా చెయ్యొచ్చని నాకు తెలియదు. ఇలాగైతే మాకు అభ్యంతరం లేదు. ముందు ఒక ఇంటి దగ్గర పెట్టి చూపించండి.

ఓరుగల్లు (శనివారం)

హన్మకొండ నుంచి. మా దగ్గర 2020 ఆగస్టు వానలకి నయీంనగర్ నాలా పొంగి కాలనీలకు కాలనీలు మునిగినయి. 2023 జూలైలో మళ్ళీ మునిగినయి. తర్వాత నాలా వెడల్పు చేసిన్రు, నయీంనగర్ పాత వంతెన తీసి కొత్తది కట్టిన్రు. అక్కడా సంగతి మీ హ్యూమ్ పైపు లాంటిదే. పైన ఎంత బాగు చేసినా వంతెన కింద నీళ్ళు పట్టకపోతే లాభం లేదు. కాకతీయుల కాలంలో ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి పోయేటట్టు గొలుసుగా కట్టిన్రు. నీళ్ళ దారి మీద ఇళ్ళు లేచినంక ఆ గొలుసు తెగింది.

కమిటీల సంగతికొస్తే, తెలంగాణలో 2019 మునిసిపాలిటీల చట్టం ప్రకారం వార్డుకి నాలుగు కమిటీలు. యువతకి, మహిళలకి, వయసు పైబడ్డవాళ్ళకి, ఊళ్ళో పేరున్నవాళ్ళకి ఒక్కొక్కటి. ఒక్కోదాంట్లో 15 మంది, మొత్తం 60. హైదరాబాద్‌కి వేరే చట్టం, అక్కడ 2023 జూన్ 16న 150 వార్డు ఆఫీసులు తెరిచిన్రు. చట్టం మంచిదే. కానీ 60 పేర్లు రాసుడు ఒక్క పూట పని. ఆ 60 మందిని మూడు నెలల తర్వాత మళ్ళా ఒకచోట కూర్చోబెట్టుడే కష్టం. మహిళల కమిటీ నడిచిన చోట మిగతా మూడూ నడుస్తయని నా అనుభవం.

బెంగళూరు నుంచి (శనివారం)

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు. ఇక్కడ 2020 సెప్టెంబర్‌లో కార్పొరేటర్ల పదవీకాలం అయిపోయాక ఏళ్ళ తరబడి ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2025 సెప్టెంబర్‌లో ఊరిని ఐదు కార్పొరేషన్లు చేశారు. కార్పొరేటర్ లేనప్పుడు కూడా కొన్ని వార్డుల్లో జనం నెలనెలా కూర్చున్నారు, మినిట్స్ రాసుకున్నారు. ఇంజనీరు మారినా మినిట్స్ పుస్తకం ఉంది కాబట్టి పోయినసారి ఏం ఒప్పుకున్నారో చూపించగలిగారు. మీరూ ఒక పుస్తకం పెట్టండి.

జగదాంబ (శనివారం)

విశాఖలో కూడా 2012 నుంచి 2021 దాకా కౌన్సిల్ లేదు. తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారుల పాలనే. ఆ కాలంలో మా వీధి అర్జీ నలుగురు ఆఫీసర్ల చేతులు మారింది. నిలబడింది రసీదు నంబరు ఒక్కటే.

ఒకప్పటి కార్పొరేటర్ (ఆదివారం)

ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. ఒక పదవీకాలం కార్పొరేటర్‌గా చేశాను, ఏ ఊరో వద్దు. అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

పొద్దున ఆరు నుంచి ఇంటి ముందు జనం ఉంటారు. పింఛను, కొళాయి, కుక్కలు, శ్మశానం, పెళ్ళికి పిలుపు. "మా వీధిలో నీళ్ళండీ" అని ఒకరు నోటితో చెప్పి వెళ్తే మధ్యాహ్నానికి గుర్తుండదు. నిజాయితీగా చెప్తున్నాను. అదే, ఒక పేజీ అర్జీ, దాంట్లో ఒకే పని, కొలతలు, రెండు ఫొటోలు, వంద సంతకాలు ఉంటే నేను దాన్నే పట్టుకుని డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) దగ్గరికి వెళ్ళగలను. కౌన్సిల్‌లో లేచి నిలబడితే చదవడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

మెట్లు ఇవి. ఏఈ ఎస్టిమేటు వేస్తారు. దాన్ని పైస్థాయి ఇంజనీర్లు చూస్తారు. డబ్బు ఏ పద్దులోంచి అన్నది తేలాలి, సాధారణ నిధులా, ఆర్థిక సంఘం నిధులా అని. తర్వాత పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు. ఎక్కువ ఫైళ్ళు ఆగిపోయేది పద్దు దగ్గర. అందుకే బడ్జెట్ తయారయ్యే నెలల్లో, అంటే మార్చికి ముందే, మీ పని పేరు అందులో ఉండేలా చూసుకోవాలి. ఏప్రిల్‌లో అడిగితే "వచ్చే ఏడాది" అంటారు. అది ఎవరి దుర్మార్గమూ కాదు, పద్దులో లేని పనికి టెండరు పిలవలేరు.

స్థానిక పార్టీ గొడవల్లోకి అర్జీని పోనివ్వకండి. మీ కార్పొరేటర్ ఏ పార్టీ అయినా ఆయన్నీ, ఓడిపోయినాయన్నీ ఇద్దర్నీ పిలవండి. ఇద్దరి ముందూ ఒకే కాగితం చదవండి.

కాగితం (ఆదివారం)

మంజూరయ్యాక కూడా వదలకూడదు. సమాచార హక్కు చట్టం అంటే కాగితాల నకళ్ళు తెచ్చుకోవడమే అని చాలామంది అనుకుంటారు. సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని తనిఖీ చెయ్యొచ్చు, వాడుతున్న సరుకు నమూనా కూడా తీసుకోవచ్చు. 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. దరఖాస్తు తప్పు ఆఫీసుకి వెళ్తే ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాల్సిన బాధ్యత వాళ్ళదే. కల్వర్టు ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఈ మూడూ అడగండి. ఎం-బుక్‌లో రాసిన కొలతా, నేల మీద కొలతా ఒకటిగా ఉన్నాయో లేదో టేపు పెట్టి చూసుకోవచ్చు.

కాలవగట్టు (మూడు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నాను. సభ సాయంత్రం ఏడింటికి, సంఘం మీటింగు జరిగే కమ్యూనిటీ హాల్లో పెట్టించాం. ఆర్పీ అక్క మాటే పనిచేసింది. 112 మంది వచ్చారు, సగానికి పైగా ఆడవాళ్ళు. కార్పొరేటర్ వచ్చారు, ఆయన మీద పోటీ చేసినాయన కూడా వచ్చారు. అర్జీ చదివింది నేను కాదు. ఐదో లైనులో ఇంటిపనులు చేసుకునే ఒకావిడ చదివారు. ఆమెకి చదువు తక్కువ, నెమ్మదిగా కూడబలుక్కుని చదివారు. "తొమ్మిది చదరపు అడుగుల కాలవకి మూడు చదరపు అడుగుల తూము" అన్న చోట ఆగి, ఏఈ వైపు చూసి, "ఇది నిజమేనా బాబూ?" అని అడిగారు. ఆయన లేచి నిజమేనమ్మా అన్నారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

మర్నాడే ఆయన టేపుతో వచ్చారు.

మా ఇంటి ర్యాంపు నేనే ముందు కోయించాను. జాలీకీ, కూలికీ కలిపి 4,200 అయింది. మూడో లైను మేడ గారు వచ్చి చూశారు, వీల్‌చెయిర్ కూడా తెచ్చి నడిపించి చూశారు. ఇప్పటికి 38లో 17 అయ్యాయి. అంత ఖర్చు పెట్టలేని ఆరు ఇళ్ళకి లైను చందాల్లోంచి వేస్తున్నాం. మిగతావాళ్ళలో ఇద్దరు గట్టిగా వద్దన్నారు. వాళ్ళ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాలి.

ఆర్పీ అక్క

ఆ చదివినావిడ పేరు మినిట్స్ పుస్తకంలో రాశారా తమ్ముడూ? రాయండి.

కాలవగట్టు

రాశాం అక్కా. మొదటి సంతకం ఆమెదే.

కాలవగట్టు (రెండు నెలల తర్వాత)

బాక్స్ కల్వర్టు ఎస్టిమేటు మంజూరైంది, టెండరు పిలిచారు. అవతలి గట్టు మీద షట్టరుకి ఇంకా ఆ శాఖ నుంచి జవాబు రాలేదు. ఈలోపు పైపు నోటికి అడ్డంగా ఉన్న కేబుళ్ళు పక్కకి జరిపించారు, పూడిక తీశారు, ఈసారి మట్టి రెండో రోజున ఎత్తారు. గమేళా గారు చెప్పినట్టు తేదీ రాసే అర్జీ ఇచ్చాం.

మొన్న రాత్రి గట్టి వాన. నాలుగో లైనులో మడమల దాకా వచ్చి ముప్పావుగంటలో లాగేసింది. అమ్మ నిద్ర లేవలేదు. కానీ ఐదో లైనులో ఎప్పటిలాగే మోకాలిదాకా వచ్చాయి. వాళ్ళ ముఖం చూడలేకపోయాను. ట్యూబ్ లెవెల్‌తో కొలిస్తే ఐదో లైను కాలవ మెయిన్ కాలవలో కలిసే చోట దాని అడుగు మట్టం మెయిన్ కాలవ కన్నా నాలుగు అంగుళాలు కిందికి ఉంది. కల్వర్టు కట్టినా ఇది అలాగే ఉంటుందా ఏఈ గారూ?

రిటైర్డ్ ఏఈ

ఉంటుంది. మెయిన్ కాలవ అడుగు కన్నా చిన్న కాలవ అడుగు కిందికి ఉంటే ముందు నీళ్ళు అటునుంచి ఇటే వస్తాయి. తగ్గాక కూడా ఆ నాలుగంగుళాలు నిలవ ఉండి పూడిక పట్టేస్తుంది. ఐదో లైను కాలవని ఆ చివరి ముక్క ఎత్తు చెయ్యాలి, లేదా కల్వర్టుతో పాటు మెయిన్ కాలవ అడుగు దింపాలి. రెండోదే మంచిది. కల్వర్టు అడుగు మట్టం ఎంతకి పెడుతున్నారన్నది డ్రాయింగులో ఉంటుంది. అగ్రిమెంటు అయ్యేలోపే ఆ డ్రాయింగు చూడండి. కాంక్రీటు పోశాక ఎవరూ ఏం చెయ్యలేరు.

వాన లేని రోజు, నీళ్ళు పూర్తిగా దిగాక, ఆ కలిసే చోటు ఫొటో టేపు పెట్టి తీసి ఇక్కడ పెట్టండి. ఐదో లైను చివరి నుంచి మొదలుపెట్టి, పది మీటర్లకొక కొలత చొప్పున కాగితం మీద రాసి పంపండి. నేను లెక్క కట్టి ఇస్తాను.

మూడో లైను మేడ

కొలతలకి మా అబ్బాయి వస్తాడు. ఆదివారం పొద్దున ఆరున్నరకి ఐదో లైను మొదట్లో ఉంటాడు. ట్యూబ్ మీరు తీసుకురండి.